ఢిల్లీ డీజిల్ బండికి హైదరాబాద్ నంబరు: వయసు వేరు, ప్రమాణం వేరు, పొగ వేరు

ఢిల్లీలో పదేళ్లు నిండిన డీజిల్ కారు చాలా ఏళ్లుగా యజమాని మెడకు గుదిబండ. అదే కారు హైదరాబాద్ చేరితే మరో ఐదేళ్లు దర్జాగా తిరుగుతుంది, అదృష్టం బాగుంటే పదేళ్లు. ఈ తేడా మీద ఒక వ్యాపారమే నడుస్తోంది. పెద్ద ఎస్‌యూవీలు, జర్మన్ కంపెనీల సెడాన్లు అక్కడ అయినకాడికి అమ్ముడుపోయి, కంటైనర్ లారీలెక్కి తెలుగు రాష్ట్రాలకు దిగుతున్నాయి. కొనబోయేవారు అందరికంటే ముందు అడిగే ప్రశ్న ఒకటే: అక్కడ కాలుష్యం పేరుతో వద్దన్న బండి ఇక్కడ పాసవుతుందా?

భేషుగ్గా అవుతుందని బ్రోకరు అంటాడు. చచ్చినా కాదని బాబాయి వరసాయన ఎవరో అంటారు. ఇద్దరూ మూడు వేర్వేరు సంగతులను ఒకే మూటలో కట్టేసి మాట్లాడుతుంటారు. బండి వయసు ఎంత అన్నది మొదటిది. తయారైన రోజున అది ఏ ఉద్గార ప్రమాణానికి లోబడింది, అంటే భారత్ స్టేజ్ (బీఎస్) మెట్లలో బీఎస్-3 బండా, బీఎస్-4 బండా అన్నది రెండోది. ఈ రోజు దాని గొట్టంలోంచి ఎంత పొగ వస్తోంది అన్నది మూడోది. ఢిల్లీ పట్టించుకున్నది మొదటిదాన్ని. కొత్త బండిని షోరూములో అమ్మేటప్పుడు చట్టం పట్టించుకునేది రెండోదాన్ని. మన ఆర్టీఏ కౌంటర్లో అడిగే పొల్యూషన్ సర్టిఫికెట్ మూడోదాన్ని చూస్తుంది, అదీ అరకొరగా. ఈ మూడింటినీ విడదీస్తే గందరగోళం చాలావరకు దానంతటదే తొలగిపోతుంది.

పదేళ్ల గీత ఎవరు గీశారు

పదేళ్ల నిబంధన మోటారు వాహనాల చట్టంలో ఉందని చాలామంది అనుకుంటారు. లేదు. 1988 నాటి చట్టంలోని 41వ సెక్షన్ ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత బండి పరిస్థితి బాగుంటే ఐదేళ్లకోసారి పొడిగించుకుంటూ పోవచ్చు. డీజిలైనా పెట్రోలైనా అక్కడ ఒకటే లెక్క.

ఢిల్లీ గీత గీసింది జాతీయ హరిత ట్రైబ్యునల్. 15 ఏళ్లు దాటిన ఏ వాహనమూ ఢిల్లీ రోడ్ల మీద తిరగకూడదని 2014 నవంబరు 26న చెప్పింది. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగకూడదని 2015 ఏప్రిల్ 7న చెప్పింది. 2018 అక్టోబరు 29న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఇది ఒక్క ఢిల్లీ నగరానికే కాదు, గురుగ్రామ్, నోయిడా, గాజియాబాద్, ఫరీదాబాద్‌లతో కూడిన రాజధాని ప్రాంతం మొత్తానికీ వర్తించింది. కాబట్టి హెచ్‌ఆర్, యూపీ నంబర్లతో వచ్చే బండ్ల వెనకా చాలాసార్లు ఇదే కథ ఉంటుంది.

అసలు మెలిక 2016 జులైలో పడింది. 15 ఏళ్లు దాటిన డీజిల్ బండికి వేరే రాష్ట్రానికి పోవడానికి నిరభ్యంతర పత్రం (ఎన్‌వోసీ) కూడా ఇవ్వవద్దని ట్రైబ్యునల్ ఆదేశించింది. పది, పదిహేనేళ్ల మధ్యనున్న వాటిని మాత్రం గాలి అంతగా పాడవని ప్రాంతాలకు, ఆయా రాష్ట్రాలు గుర్తించిన చోట్లకు పంపించవచ్చంది. గాలి బాగున్న ఊరు కాబట్టి అక్కడికి పొగ పంపుదాం అన్న తర్కం నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు. కానీ మన సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు తలుపులు బార్లా తెరిచింది ఆ వెసులుబాటే.

దీనివల్ల ఆర్సీలో ఒక విచిత్రం కనిపిస్తుంది. 2014 జూన్‌లో మొదటిసారి రిజిస్టరైన డీజిల్ ఎస్‌యూవీని తీసుకోండి. దాని ఆర్సీ మీద గడువు 2029 జూన్ అనే ఉంటుంది. ఢిల్లీ లెక్కలో మాత్రం అది 2024 జూన్‌లోనే కాలం చెల్లిన బండి. హైదరాబాద్ వచ్చి టీజీ నంబరు వేయించుకుంటే 2029 గడువు మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. అంతేగానీ కొత్త నంబరు వచ్చిందని వయసు మళ్లీ ఒకటి నుంచి మొదలుకాదు. పదిహేనేళ్ల లెక్క ఎప్పుడూ మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచే. అమ్మేవాళ్లు ఈ ఒక్క ముక్క దగ్గర గొంతు తగ్గిస్తారు.

బీఎస్ అంకె చెప్పే అసలు కథ

2010 ఏప్రిల్ 1న దేశం రెండుగా చీలింది. ఢిల్లీ రాజధాని ప్రాంతం, ముంబయి, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ వంటి 13 చోట్ల కొత్తగా రిజిస్టరయ్యే కార్లకు బీఎస్-4 తప్పనిసరైంది. మిగతా దేశానికి బీఎస్-3 చాలన్నారు. తర్వాత బీఎస్-4 ప్రాంతాన్ని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయి, 2017 ఏప్రిల్ 1 నాటికి దేశమంతటికీ విస్తరించారు. బీఎస్-5ను వదిలేసి 2020 ఏప్రిల్ 1న నేరుగా బీఎస్-6లోకి దూకాం.

ఈ విభజనకు కారణం ఇంజిన్లు కాదు, ఇంధనం. బీఎస్-3 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 350 పాళ్ల వరకు ఉండొచ్చు. బీఎస్-4 డీజిల్‌లో 50, బీఎస్-6లో 10. గంధకం ఎక్కువైతే పొగను శుభ్రం చేసే పరికరాలు పాడవుతాయి. రిఫైనరీలు ఒకేసారి దేశమంతటికీ శుభ్రమైన డీజిల్ ఇవ్వలేకపోయాయి కాబట్టి నగరాలకు ముందు, జిల్లాలకు తర్వాత అన్నారు.

ఇప్పుడు పైన చెప్పిన 2014 ఢిల్లీ ఎస్‌యూవీని అదే ఏడాది ఖమ్మంలోనో కర్నూలులోనో రిజిస్టరైన డీజిల్ బండి పక్కన నిలబెట్టండి. ఢిల్లీది బీఎస్-4 అయితీరాలి. ఖమ్మం బండి బీఎస్-3 అయినా చట్టం ఒప్పుకుంది. డీజిల్ కార్లకు బీఎస్-3 పరిమితి కిలోమీటరుకు 0.05 గ్రాముల మసి కణాలు, 0.50 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు. బీఎస్-4లో ఈ రెండూ సరిగ్గా సగానికి తగ్గాయి. అంటే కాలుష్యం పేరుతో ఢిల్లీ తరిమేసిన బండి, మన జిల్లాలో ఎవరూ వేలెత్తి చూపని అదే వయసు బండి కంటే కాగితం మీద రెట్టింపు శుభ్రమైనది కావచ్చు. వయసును ప్రమాణంగా పెట్టుకుంటే వచ్చే తంటా ఇదే. ఢిల్లీ బండి అనగానే పొగబండి అనుకోనక్కర్లేదు. బీఎస్-6 కొలతతో చూస్తే మాత్రం రెండూ మురికివే. అక్కడ మసి పరిమితి 0.0045 గ్రాములు, బీఎస్-4లో ఐదో వంతు కంటే తక్కువన్నమాట.

ఆర్సీ కార్డు మీద ఉద్గార ప్రమాణం కోసం ఒక గడి ఉంటుంది. పాత కార్డుల్లో అది ఖాళీగా ఉండటమూ ఉంది. ఖాళీగా ఉంటే సరిచేయించే బాధ్యత అమ్మేవారి మీద, అదీ ఢిల్లీలోనే, ఎన్‌వోసీకి ముందే పెట్టండి. బండి ఇక్కడికొచ్చాక అక్కడి కార్యాలయం చుట్టూ ఎవరు తిరుగుతారు?

బీఎస్-4 రిజిస్ట్రేషన్ ఆపేశారు కదా అనే సందేహం

ఈ భయం చాలామందిలో ఉంది, అందులో సగం నిజమూ ఉంది. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు, ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 వాహనాల అమ్మకం, రిజిస్ట్రేషన్ కుదరవంది. 2018 అక్టోబరు 24న బీఎస్-4కు అదే మాట చెప్పి 2020 ఏప్రిల్ 1 గడువు పెట్టింది. ఈ రెండు ఉత్తర్వులూ మొదటిసారి రిజిస్టరయ్యే కొత్త బండ్ల గురించి. అప్పటికే ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండికి ఇంకో రాష్ట్రంలో ఇచ్చేది కొత్త రిజిస్ట్రేషన్ కాదు, కొత్త నంబరు మాత్రమే. చట్టంలోని 47వ సెక్షన్ వాడే మాట కూడా అదే. కాబట్టి 2014 బీఎస్-4 కారుకు ఈరోజు హైదరాబాద్‌లో నంబరు వేయడానికి ఆ ఉత్తర్వులు అడ్డురావు. బీఎస్-3కీ అంతే. మొదటి రిజిస్ట్రేషన్ గడువులోపు, న్యాయంగా జరిగి ఉండాలి.

ఆ చివరి మాట ఊరికే అనలేదు. 2020లో అనంతపురం జిల్లాలో బయటపడిన వ్యవహారం దాని చుట్టూనే తిరిగింది. గడువు దాటాక అమ్మడానికి వీల్లేక తుక్కు కింద పోవాల్సిన బీఎస్-3 లారీలను కొని, బీఎస్-4 అని కాగితాలు సృష్టించి, ఎక్కడో ఈశాన్యాన నాగాలాండ్‌లో మొదటి రిజిస్ట్రేషన్ చేయించి, అక్కడి నుంచి ఎన్‌వోసీతో ఆంధ్రప్రదేశ్‌కు తెచ్చారన్నది ఆరోపణ. ఇలాంటివి 150కి పైగా ఉన్నాయని రవాణా శాఖ తేల్చింది. అరెస్టులు జరిగాయి, ఈడీ కూడా రంగంలోకి దిగింది. ఇందులో గమనించాల్సింది దారి. నేరుగా అనంతపురంలో రిజిస్టర్ చేయించబోతే ప్రమాణం దగ్గరే దొరికిపోయేవారు. ఒకసారి ఏదో ఒక రాష్ట్రం ముద్ర పడ్డాక, రెండో రాష్ట్రం మొదటి రాష్ట్రం మాటను నమ్ముతుంది. ఇంజిన్ విప్పి ఇది బీఎస్-3 అని తేల్చే ఏర్పాటు ఆర్టీఏ కార్యాలయాల్లో లేదు. వేరే రాష్ట్రం ఫైలు కనపడగానే కొందరు అధికారులు మొదటి ఇన్వాయిస్ నుంచి అన్నీ తెమ్మనడం మనకు వేధింపులా తోస్తుంది గానీ, దాని వెనక ఇలాంటి చరిత్ర ఉంది.

కాగితాలు ఎక్కడ తెగుతాయి

దారి పెద్దదేమీ కాదు, కానీ వరస తప్పితే మళ్లీ మొదటికొస్తుంది. 48వ సెక్షన్ కింద ఢిల్లీలోని రిజిస్టరింగ్ అథారిటీ నుంచి ఎన్‌వోసీ తీసుకోవాలి, అది ఫారం 28. అందులో బండి ఏ కార్యాలయానికి వెళ్తోందో రాస్తారు. ఖైరతాబాద్ పేరున తెచ్చి రంగారెడ్డిలో పని కానివ్వమంటే కుదరదు. బండి దొంగది కాదని, పన్ను బాకీ లేదని, ఈ-చలాన్లు కట్టేశారని తేలాక గానీ ఎన్‌వోసీ రాదు. అప్పు మీద కొన్న బండైతే అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఫారం 35 కూడా ఉండాలి. దరఖాస్తు చేసిన 30 రోజుల్లో ఇవ్వననీ చెప్పక, ఇచ్చామనీ చెప్పకపోతే ఇచ్చినట్టే భావించాలని చట్టం అంటుంది. ఈ సౌకర్యాన్ని కోర్టుకెక్కే ఓపిక ఉన్నవారు వాడుకోవచ్చు. కౌంటరు దగ్గర మాత్రం చేతిలో కాగితం లేనిదే పని జరగదు.

ఇక్కడికి వచ్చాక కొత్త నంబరుకు ఫారం 27, పేరు మార్పిడికి అమ్మినవారి సంతకంతో ఫారం 29, కొన్నవారి దరఖాస్తుగా ఫారం 30. కొన్నవారు పేరు మార్పిడికి 30 రోజుల్లో దరఖాస్తు చేయాలని 50వ సెక్షన్ చెబుతుంది. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. వేరే రాష్ట్రం బండి ఏడాది వరకు తిరగొచ్చుగా అంటారు. 47వ సెక్షన్‌లో ఆ 12 నెలల మాట ఉంది నిజమే, కానీ అది బండిని ఇంకో రాష్ట్రంలో ఉంచుకుంటున్న యజమాని కొత్త నంబరు తీసుకోవాల్సిన గడువు. మీరు బండి కొన్నవారు. మీకు వర్తించేది 30 రోజుల గడువు. లైఫ్ ట్యాక్స్ రాష్ట్ర చట్టం పరిధిలోది, దాని లెక్క మళ్లీ వేరు.

లైఫ్ ట్యాక్స్ అనేసరికి చౌక బేరం ఒక్కసారిగా బరువెక్కుతుంది. దాన్ని లెక్కగట్టేది మీరు కొన్న ధర మీద కాదు, మొదటి ఇన్వాయిస్ విలువ మీద, వయసును బట్టి తగ్గించిన శాతంతో. అరవై లక్షల కారును మీరు పది లక్షలకు కొన్నా ఆర్టీఏ దృష్టిలో అది అరవై లక్షల కారే. జర్మన్ సెడాన్ బేరాలు అసలుకే ఎసరు తెచ్చుకునేది సరిగ్గా ఇక్కడే. పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన భాగం వెనక్కి వస్తుందనే ఆశ పెద్దగా పెట్టుకోవద్దు. బండి పాతదయ్యేకొద్దీ ఆ మిగులు కరిగిపోతుంది, పైగా అడగాల్సింది కట్టినవారు.

తనిఖీ రోజున బండిని యార్డులోకి తీసుకెళ్లాలి. ఛాసిస్ నంబరు చెక్కి ఉన్నచోట తుడిచి, పలుచని కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీస్తారు. తుప్పు పట్టి ఒక్క అంకె సరిగా పడకపోయినా ఫైలు పక్కన పడుతుంది. ఇంజిన్ మార్చిన బండైతే ఆ మార్పు ఆర్సీలో ఎక్కి ఉండాలి. ఈ తనిఖీలో పొగ గొట్టం వైపు చూసేవారు అరుదు. ఇన్‌స్పెక్టర్ చూసేది బండి ఆర్సీలో ఉన్న బండేనా అని. పొగ సంగతి పొల్యూషన్ సర్టిఫికెట్ చూసుకుంటుందని ఆయన నమ్మకం.

మన విజయవాడ బండ్లకూ ఒక మాట. 2014 జూన్ 2 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరైన కారు తెలంగాణకు వేరే రాష్ట్రం కారే. ఎన్‌వోసీ, లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు అన్నీ ఉంటాయి. విభజనకు ముందు తెలంగాణ జిల్లాల్లో ఏపీ నంబరు వేయించుకున్న బండ్లకు ఈ బాధ లేదు. వయసు గీత మాత్రం రెండు చోట్లా లేదు కాబట్టి ఢిల్లీ బండికుండే తిరకాసు వీటికి ఉండదు.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఏం చూస్తుంది, ఏం చూడదు

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 115వది దీనికి ఆధారం. మొదటి రిజిస్ట్రేషన్ తర్వాత ఏడాది దాటిన ప్రతి బండికీ ఈ ధ్రువపత్రం ఉండాలి. బీఎస్-4, బీఎస్-6 బండ్లకు ఒకసారి తీసుకుంటే ఏడాది, అంతకంటే పాతవాటికి ఆరు నెలలు చెల్లుతుంది.

డీజిల్ బండి పరీక్ష ఇలా ఉంటుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్ వేడెక్కాక, యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా చివరిదాకా తొక్కుతారు. ఇంజిన్ గరిష్ఠ వేగానికి చేరి వదిలేలోపు వచ్చిన పొగను గొట్టంలోంచి స్మోక్ మీటరులోకి పంపుతారు. మీటరులో ఒక చివర లైటు, రెండో చివర దాన్ని అందుకునే పరికరం. మధ్యలో పొగ ఎంత కాంతిని మింగేసిందన్నదే కొలత. ఇలా కొన్నిసార్లు చేసి సగటు తీస్తారు. దీన్ని హార్‌ట్రిడ్జ్ యూనిట్లలో చెబుతారు. 430 మిల్లీమీటర్ల పొగలోంచి పోయేసరికి సగం కాంతి ఆగిపోతే 50 యూనిట్లు. బీఎస్-4 డీజిల్ బండికి పరిమితి ఆ 50. అంతకంటే పాతవాటికి 65. బీఎస్-6కు 26. అంటే బీఎస్-3 బండి పొగ మూరెడు దూరంలో మూడింట రెండొంతుల వెలుతురును మింగేసినా చట్టం ప్రకారం అది పాసే. చేతిలో సర్టిఫికెట్ ఉన్న లారీ వెనక మనం ఎందుకు దగ్గుతామో ఈ అంకె చెబుతుంది.

పెట్రోలు బండికి పొగ కాదు, వాయువులు కొలుస్తారు. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. బీఎస్-4 కారుకు 0.3 శాతం, పది లక్షల పాళ్లలో 200 పాళ్లు దాటకూడదు. బీఎస్-2, బీఎస్-3 కార్లకు 0.5 శాతం, 750 పాళ్లు. ఈ పరీక్ష కొంత నయం. వాయువులను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ చచ్చిపోయిన బండి నిజాయితీగా పరీక్షిస్తే ఇక్కడ దొరికిపోతుంది. నిజాయితీగా అన్న మాటను గట్టిగా చదువుకోండి. గొట్టంలో మీటరు పెట్టకుండా నంబరు ప్లేటు ఫొటో తీసి కాగితం చేతిలో పెట్టే వ్యాన్లు ఏ బంకు దగ్గరైనా కనిపిస్తాయి.

డీజిల్ విషయంలో అసలు సమస్య ఇంకోటి. ఆ స్మోక్ మీటరు నైట్రోజన్ ఆక్సైడ్లను అసలు కొలవదు. దీన్నుంచి ఒక వింత పుడుతుంది. బీఎస్-4 డీజిల్ ఇంజిన్లలో ఈజీఆర్ వాల్వు ఉంటుంది. బయటికి పోవాల్సిన పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపి, మంట వేడిని తగ్గించి, నైట్రోజన్ ఆక్సైడ్లు పుట్టకుండా చూడటం దాని పని. పక్కనే దాని దుష్ప్రభావమూ ఉంది, మసి కాస్త పెరుగుతుంది, వాల్వూ మసిపట్టి మొరాయిస్తుంది. అందుకని కొందరు మెకానిక్కులు చిన్న రేకు ముక్కతో ఆ దారి మూసేస్తారు. పికప్ బాగుందని యజమాని సంబరపడతాడు. పరీక్షలో పొగ ఇంకా తక్కువ చూపిస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం ఎగబాకుతాయి, అవి ఏ కాగితంలోనూ కనపడవు. కాలుష్య నియంత్రణ పరికరాన్ని చంపేసిన బండి పొల్యూషన్ పరీక్షలో మెరుగైన మార్కులు తెచ్చుకోవడం మన వ్యవస్థకే చెల్లింది.

జర్మన్ డీజిళ్లలో ఇంకో జాగ్రత్త. వాటిలో కొన్నింటికి బీఎస్-4 కాలంలోనే మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే ఫిల్టరు వచ్చింది. కొత్తది వేయించాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది కాబట్టి, లోపలి భాగం పీకేసి ఖాళీ డబ్బాను మళ్లీ వెల్డింగ్ చేసి పెట్టేవారున్నారు. 50 యూనిట్ల పరిమితి ఉదారమైనది కనుక అలాంటి బండీ పాసైపోవచ్చు. కొనేముందు బండిని లిఫ్టు మీద ఎక్కించి ఆ డబ్బా మీద కొత్త వెల్డింగ్ గీతలున్నాయేమో చూడండి. గొట్టం చివర లోపల వేలు పెట్టి తుడవండి. ఫిల్టరు సరిగ్గా పనిచేస్తున్న బండిలో గొట్టం లోపల మసి దాదాపు అంటదు. వేలు నల్లగా వస్తే ధర మాట్లాడేముందు ఫిల్టరు గురించి మాట్లాడాలి.

పెట్రోలు బండి పరిస్థితి ఇంకా ఇరకాటం

డీజిల్ బండి పదేళ్లకే ఢిల్లీ వదులుతుంది కాబట్టి దాని ఆర్సీలో ఇంకా ఐదేళ్ల ఆయుష్షు ఉంటుంది. పెట్రోలు బండిని ఢిల్లీ పదిహేనేళ్ల దాకా ఉంచుకుంటుంది. అది బయటపడే రోజుకే ఆర్సీ గడువూ తీరిపోతుంది. ఇక్కడికి తెచ్చాక కొత్త నంబరుతో సరిపోదు, ఫారం 25తో రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా కావాలి, దానికి బండి పరిస్థితి మీద తనిఖీ ఉంటుంది. గడువు ముగిసిన బండిని రోడ్డు మీద నడపకూడదు కాబట్టి లారీ మీదే తేవాలి. పదిహేనేళ్లు దాటిన కార్ల రెన్యువల్‌కు 2022 ఏప్రిల్ నుంచి కేంద్ర రుసుము 5,000 రూపాయలు. ఇరవై ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి 10,000. దీని మీద రాష్ట్రం వేసే హరిత పన్ను అదనం. చిన్న పెట్రోలు కారు కోసం ఇంత తతంగం దండగ అని నా అభిప్రాయం. దాని ధర కంటే కాగితాల ఖర్చు, తిరుగుడు ఎక్కువైపోతాయి. ఏ జ్ఞాపకం కోసమో, ఇక్కడ దొరకని మోడల్ కోసమో అయితే మీ ఇష్టం.

ఈ బేరం లెక్క ఇప్పుడు మారింది

పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లకు బంకుల్లో ఇంధనం పోయవద్దని 2025 జులై 1న ఢిల్లీలో మొదలుపెట్టారు. గగ్గోలు పుట్టడంతో కొద్ది రోజుల్లోనే పక్కన పెట్టారు. ఆగస్టు 12న సుప్రీంకోర్టు, కేవలం వయసు కారణంగా ఈ బండ్ల యజమానుల మీద కఠిన చర్యలు తీసుకోవద్దంది. డిసెంబరులో దాన్ని సవరించి, ఆ రక్షణ బీఎస్-4, ఆపైన ప్రమాణాల బండ్లకే ఉంటుందని, బీఎస్-3, అంతకంటే పాతవాటి మీద చర్య తీసుకోవచ్చని చెప్పింది. ఇది తుది తీర్పు కాదు. కానీ పదేళ్లుగా వయసు చుట్టూ తిరిగిన వ్యవహారం మొదటిసారి ప్రమాణం వైపు మళ్లింది.

దీన్ని పైన చెప్పిన తేదీలతో కలిపి చూడండి. ఢిల్లీ ప్రాంతంలో 2010 ఏప్రిల్ తర్వాత రిజిస్టరైన కార్లన్నీ బీఎస్-4 కింద వచ్చినవే. కాబట్టి అక్కడి బీఎస్-3 కారు అంటే దాదాపుగా పదిహేనేళ్లు దాటిన కారే. ఇకముందు చట్టం ఒత్తిడితో ఢిల్లీ వదిలి రావాల్సినవి అవి. వాటికి ఎన్‌వోసీ దొరికినా ఆర్సీ గడువు అప్పటికే ముగిసి ఉంటుంది, డీజిలైతే 2016 నాటి ఉత్తర్వు ఎలాగూ ఉంది. మరోపక్క 2014, 2015 నాటి డీజిల్ ఎస్‌యూవీకి ఈ ఉత్తర్వు నిలిచినంత కాలం ఢిల్లీలోనే తిరిగే వెసులుబాటు దొరికింది. అక్కడ తిరగనివ్వరు కాబట్టే ఇంత చౌక అని ఇప్పుడు ఎవరైనా అలాంటి బండి చూపిస్తే, ఆ కారణం పాతబడిపోయింది. ధర ఇంకా అంత తక్కువగా ఉందంటే వేరే కారణమేదో ఉండాలి. కట్టని చలాన్ల చిట్టా, వరద నీటిలో మునిగిన చరిత్ర, వెనక్కి తిప్పిన మీటరు, ఖాళీ చేసిన ఫిల్టరు డబ్బా. అడ్వాన్సు చేతిలో పెట్టకముందే సర్వీసు రికార్డు తెప్పించుకుని ఒక్కొక్కటే అడగండి.